పీకినవాడి వాటా

నాటిన 52వ రోజు

రెడ్డెప్ప ఈ పుస్తకం ఇచ్చి రోజూ రాయమన్నాడు. నాకు చదువు ఐదో తరగతి దాకానే. ఆ మాటే చెప్పాను. "కళ్ళు చూడనిది నువ్వు రాయి మామా, చాలు. పంట అయినాక తీసుకుని చదువుతా" అన్నాడు. మా ఇళ్ళ మీదా తోట మీదా దోమ రాకుండా కప్పిన వలకు రెడ్డెప్ప మేస్త్రీ. కళ్ళంటే గుంజల మీద ఉండేవి. గుంజకొక పసుపు జిగురు అట్ట, అట్టకు ఎదురుగా ఒక కన్ను. అట్టకు ఎన్ని తెల్లదోమలు అంటుకున్నాయో అది లెక్కపెట్టి రెడ్డెప్ప పలకకు పంపిస్తుంది.

నా పని మొక్కలు పీకడం. వల కింద నలభై సాళ్ళ టమాటా ఉంది. ఆకు పైకి ముడుచుకుని, అంచులు పసుపెక్కి, మొక్క గిడసబారితే దానికి తెగులు వచ్చినట్టు. దానికి మందు లేదు. తెల్లదోమ దాని రసం పీల్చి పోయి పక్కదాని మీద వాలితే పక్కదీ పోతుంది. అందుకని ముందు మొక్క మీద సంచి దించుతాను. కింద మూతి బిగిస్తాను. ఆ తర్వాతే వేరుతో పీకుతాను. సంచి లేకుండా పీకితే దోమ లేచి నాలుగు సాళ్ళు దాటుతుంది.

పీకిన మొక్కకు కాయలుంటే అవి పీకినవాడి వాటా. వల కట్టిన నాటి నుంచీ ఇదే పద్ధతి. మొక్క తెగులు మనిషికి రాదు, కాయ పారేయడం ఎందుకని పెద్దలు పెట్టారు. చిన్న కాయలు, గట్టిగా పుల్లగా ఉంటాయి. పంతొమ్మిదేళ్ళుగా నా కూర అదే.

నలభయ్యో సాలు అవతల విత్తనాల గది. వలలో వల అది. లోపల అరవై మొక్కలు. వచ్చే ఏడు ఎనభై ఇళ్ళకు విత్తనం ఆ కాయల్లో నుంచే రావాలి. కాపలా చెంగమ్మది. వల చిరుగులు కుట్టేదీ ఆమే. వల కింద తేనెటీగలు లేవు కాబట్టి పొద్దున్నే ఒక్కో పూవునూ వేలితో తట్టేదీ ఆమే. గదిలో ఒక్క మొక్కకు తెగులు కనపడినా కాపలా మనిషి వల దాటి బయటికి పోవాలి. అట్లా పోయినవాళ్ళు తిరిగి రాలేదు.

ఈరోజు పీకినవి 4. కాయల్లో మంచివి నాలుగు ఏరి చెంగమ్మ గడప మీద పెట్టి వచ్చాను. వారానికోసారి పెడతాను, ఆరేళ్ళుగా. ఎవరు పెడుతున్నారో ఆమెకు తెలియదు. ఆమెకు ఎవరూ లేరు. నాకూ లేరు. ఇది రాయాల్సిన సంగతి కాదేమో. రాసేశాను. కొట్టేస్తే ఏమిటది అని రెడ్డెప్ప అడుగుతాడు.

నాటిన 55వ రోజు

ఏ అట్టకూ దోమ లేదు. రెడ్డెప్ప పలక చూపించాడు. నలభై గుంజలు, నలభై సున్నాలు. ఇంతకుముందు ఎప్పుడూ లేదంట. వేరుశనగ ఉండలు పంచాడు.

పీకినవి 7. అందరూ నవ్వుతుంటే ఆ మాట నోట రాలేదు. ఇక్కడ రాస్తున్నాను.

నాటిన 58వ రోజు

సున్నా. పీకినవి 11.

చెంగమ్మ ముప్పయ్యో సాలు పక్కన వల కుడుతోంది. నేను తల వంచుకుని దాటుతుంటే పిలిచింది.

"ఏమయ్యా ఓబులేసూ, దోమ లేదంట గదా. ఇంక నీకేం పని?"

"ఉంది."

"ఎన్ని?"

"పదకొండు."

సూది ఆపింది. "దోమ లేకుండా తెగులు యాడ్నించి వస్తాది? కాళ్ళేసుకుని నడిచి వస్తాదా?"

నాకు తెలియదన్నాను.

"ఎంతదాకా వచ్చింది?"

"ఇరవై ఆరో సాలు."

ఆమె తన గది వైపు చూసింది. నేను పోతుంటే వెనక నుంచి, "నీ చొక్కా ఉతుక్కోవయ్యా, వీపంతా పిండి" అంది. ఇంటికి పోయి విప్పి చూశాను. ఏమీ లేదు.

నాటిన 61వ రోజు

పీకినవి 19. ముప్పై ఒకటో సాలు దాకా.

రెడ్డెప్ప పొద్దున్నే పిలిచి పలక ముందు పెట్టాడు. తోట బొమ్మ గీసి ఉంది. నేను పీకిన చోటల్లా ఎర్ర చుక్క పెట్టాడు. చుక్కలు చెదిరి లేవు. సాళ్ళకు అడ్డంగా మూడు గీతలు గీసినట్టు ఉన్నాయి.

"దోమ ఇట్లా పోదు మామా. గాలికి ఎటంటే అటు పోతాది. ఈ మూడు చోట్లా ఏముందో చెప్పు."

చూడగానే తెలిసింది. మోకాలు పట్టేస్తుందని ప్రతి సాలులో మూడు చోట్ల రాయి వేసుకున్నాను. కూర్చోవడానికి.

రెడ్డెప్ప నన్ను పదో సాలుకు తీసుకుపోయి నా రాయి మీద కూర్చోమన్నాడు. తను వెనక నిలబడ్డాడు. కాసేపయ్యాక, "మామా, అట్లనే ఉండు. కదలొద్దు" అన్నాడు. పలకతో నా వీపు వీడియో తీసి ముందుకు చాపాడు.

చొక్కా కనపడలేదు. మెడ నుంచి నడుం దాకా తెలుపు. అది కదులుతోంది. నేను ఊపిరి తీస్తే అన్ని రెక్కలూ ఒక్కసారి లేస్తున్నాయి, వదిలితే ఒక్కసారి అణుగుతున్నాయి.

కొన్నాళ్ళుగా వీపు చల్లగా ఉంటోంది. వయసనుకున్నాను. నా వెనక నడిచే మనిషి ఎవరూ లేరు. అట్టల మీద వాలాల్సినవి నా మీద వాలుతున్నాయి. కన్ను అట్టనే చూస్తుంది, మనిషిని చూడదు.

నాటిన 62వ రోజు

ఒళ్ళు రుద్దుకుని స్నానం చేశాను. కొత్త చొక్కా తొడుక్కున్నాను. రెడ్డెప్ప ఒకటి నుంచి లెక్కపెట్టాడు. పది అనేలోపు మొదటిది నా మెడ మీద వాలింది.

వాసన పెట్టె తెచ్చాడు. ముల్లున్న పెట్టె అది. మంచి ఆకు పెడితే ముల్లు కదలలేదు. ముడత ఆకు పెడితే సగం దాకా లేచింది. తెగులు సోకిన ఆకు ఒక వాసన వదులుతుందంట. మన ముక్కుకు తెలియదు. ఆ వాసనతోనే దోమను పిలుచుకుంటుంది. తర్వాత నా చెయ్యి పెట్టమన్నాడు. ముల్లు చివరికి పోయి అక్కడే నిలబడింది.

"ఏం తింటావు మామా నువ్వు?"

"నా వాటా."

"ఎన్నేళ్ళ నుంచి?"

చెప్పాను. తల పట్టుకుని కూర్చున్నాడు. "తెగులు మనిషికి రాదన్నారు. నిజమే, రాలేదు. వాసనొకటే వచ్చింది" అన్నాడు. కొంచెం ఆగి అడిగాడు. "ఇంకెవరైనా తిన్నారా?"

నేను నేల చూశాను. మామూలుగానే నేను నేల చూస్తాను కాబట్టి వాడు ఇంకేమీ అనుకోలేదు.

పుస్తకంలో మొదటి పేజీ చింపుదామని కూర్చున్నాను. చింపితే అంచు కనపడుతుంది. పంట అయ్యేదాకా వాడు చదవడు.

నాటిన 64వ రోజు

నన్ను బయటికి పంపాలని నలుగురూ అన్నారంట. రెడ్డెప్ప ఒప్పుకోలేదు. "ఇంత మంచి అట్ట మనకు యాడ దొరుకుతాది?" అన్నాడంట. ఆ మాట నాకు వాడే చెప్పాడు. చెప్పి, నవ్వబోయి మానేశాడు.

ముతక దుప్పటికి ఆముదం పూసి నాకు కప్పారు. తల మీదుగా, కళ్ళు మాత్రం వదిలి. ఇరవయ్యో సాలులో పీట వేసి కూర్చోబెట్టారు. మాట్లాడొద్దన్నారు. అది నాకు కష్టం కాదు.

అవి చప్పుడు లేకుండా వచ్చాయి. ఆకుల కింద నుంచి ఒక్కొక్కటీ ఊడి, సన్నని వాన పడ్డట్టు. గంటలో దుప్పటి బరువెక్కింది. మధ్యాహ్నం రెడ్డెప్ప కత్తితో గీకాడు. చేట నిండింది.

సాళ్ళ చివర జనం నిలబడి చూశారు. ఒకామె దణ్ణం పెట్టింది. నాకు సిగ్గేసి కళ్ళు మూసుకున్నాను.

పీకినవి 2.

నాటిన 66వ రోజు

పీకినవి 1. అందరూ నిమ్మళంగా ఉన్నారు. ఇంటికి పోతూ విత్తనాల గది పక్కగా నడిచాను.

లోపల చెంగమ్మ పీట మీద కూర్చుని పూలు తడుతోంది. గది వల మీద, బయటివైపు, ఆమె కూర్చున్న చోటికి సరిగ్గా ఎదురుగా తెల్లటి మచ్చ ఉంది. మనిషి కూర్చున్నంత ఎత్తు. తల దగ్గర గుండ్రంగా, భుజాల దగ్గర వెడల్పుగా. ఆమె లేచి పక్క మొక్క దగ్గరికి జరిగింది. మచ్చ కూడా జరిగింది.

నేను కూడా అక్కడే ఉన్నాను గదా, వాటిలో కొన్ని నా వైపు తిరిగాయి. మిగతావి ఆమెను వదల్లేదు.

ఆరేళ్ళు. వారానికి నాలుగు కాయలు.

నాటిన 67వ రోజు

చెప్పాను.

పొద్దున పది గంటలప్పుడు చెంగమ్మ గది బయట కూర్చుని వల కుడుతోంది. పోయి నిలబడ్డాను. దుప్పటి కప్పుకునే ఉన్నాను.

"ఏంది, దేవుడు నడిచొచ్చినాడు?" అంది.

"గడప మీద కాయలు" అన్నాను.

"ఊఁ."

"నేనే."

"ఇంకెవరనుకుంటి, రెడ్డెప్పనా? ఆరేళ్ళకు నోరు తెరిచినావు. చెప్పు, ఇంకా ఏముంది?"

"తినొద్దు."

నా ముఖం చూసింది. నేను వల చూపించాను. ఆమె లేచి రెండు అడుగులు కుడికి వేసింది. మచ్చ వల నుంచి ఊడి ఆమె వైపు తేలింది. రెండు అడుగులు ఎడమకు వేసింది. మచ్చ అటూ తేలింది.

"పచ్చడి చేసుకుంటి" అంది. "ఒక్క కాయ పాడు చెయ్యలేదు."

"లోపల వాలినాయా?"

"మూడు చూసినా. చంపినా. మొక్క మీద కాదు, నా చేతి మీద." చెయ్యి తిప్పి చూసుకుంది. "రెడ్డెప్పకు చెప్తే నన్ను బయటికి తోస్తారు. పూలు తట్టేది ఇంకెవురికీ రాదు. చెప్పకపోతే నా చేత్తోనే ఆ అరవైనీ చంపుకుంటా. బాగుండాదయ్యా నువ్వు తెచ్చిన సారె."

నేను రాత్రంతా అనుకున్న మాట చెప్పాను. "నువ్వు మానెయ్. నేను ఎక్కువ తింటాను. నా వాసన పెద్దదైతే నీ దగ్గరున్నవి కూడా నా దగ్గరికే వస్తాయి. గది ముందు కూర్చుంటాను. కాయ పండేదాకా."

"ఎన్నాళ్ళు?"

"ముప్పై రోజులు."

"నీకేమైతాది?"

"తెలీదు."

ఆమె సూదిలో దారం ఎక్కించుకుంది. రెండుసార్లు తప్పింది. "పెళ్ళిచూపులకొచ్చి ఇట్లాంటి మాటలా మాట్లాడేది" అంది.

నాటిన 72వ రోజు

విత్తనాల గది ముందు కూర్చుంటానని రెడ్డెప్పను అడిగాను. అక్కడైతే గదికి కాపలా అవుతుందన్నాను. మంచి ఆలోచన అన్నాడు. పీకే పని వేరేవాళ్ళకు ఇచ్చి, కాయలు మాత్రం నాకే పంపిస్తున్నాడు. పంట అయినాక ఈ వాటా పద్ధతే తీసేస్తానన్నాడు. ఇప్పటికి మాత్రం నన్ను తినమన్నాడు. పూటకు పది తింటున్నాను. ముడత ఆకులు కూడా ఉడకబెట్టుకుని తిన్నాను. చేదు.

వల మీద మచ్చ సగం అయింది. ఆ సగం నా మీదికి వచ్చింది.

నాటిన 79వ రోజు

అన్నం నోట్లో ఇసుకలాగా ఉంది. నీళ్ళు మాత్రం ఎన్నైనా తాగుతున్నాను.

పొద్దున లేచేసరికి ముఖం తూర్పుకు తిరిగి ఉంటోంది. పడమటికి తల పెట్టి పడుకున్నా అంతే. గోళ్ళ అంచులు పసుపెక్కాయి. ఎండ ఎక్కువైతే వేళ్ళు అరచేతిలోకి ముడుచుకుంటున్నాయి, నీడలో మళ్ళీ విచ్చుకుంటున్నాయి. నొప్పి లేదు. సాయంత్రం నీడలో ఇది రాస్తున్నాను.

చెంగమ్మ లోపల నుంచి మాట్లాడుతుంది. నేను బయట వింటాను. ఏ మొక్క ఎన్ని పూలు పూసిందో చెప్తుంది. వల కింద పుట్టిన మాకు పసుపు బట్ట, పసుపు తాడు అన్నీ నిషేధమే గదా, దోమ వస్తుందని. వాళ్ళమ్మ దాచుకున్న ఫోటోలో పెళ్ళికూతురు ఒళ్ళంతా పసుపు పూసుకుని ఉందంట. "ఆ కాలంలో వాళ్ళకు ఎంత ధైర్యమో" అంది. తర్వాత, "నీ గోళ్ళు చూసినా. అదే రంగు" అంది.

చేతులు దుప్పట్లోకి లాక్కున్నాను.

నాటిన 88వ రోజు

వల మీద మచ్చ లేదు. అన్నీ నా దగ్గరే. రోజుకు మూడు చేటలు.

కాయలు రంగు తిరిగాయి.

నాటిన 98వ రోజు

విత్తనాలు తీశారు. గుజ్జు పులియబెట్టి, కడిగి, బూడిదలో కలిపి నీడలో ఆరబోశారు. అరవై మొక్కలకు ఒక్క ముడత ఆకు లేదు. ఎనభై పొట్లాలు కట్టారు. చెంగమ్మ తను కట్టిన చివరి పొట్లం నాకు చూపించి, డబ్బాలో వేసి మూత పెట్టింది. నాకు దాన్ని ముట్టుకోవాలనిపించింది. ముట్టుకోలేదు.

నాటిన 100వ రోజు

పంట విరామం మొదలు. నలభై రోజులు వల కింద టమాటా మొక్క ఒక్కటీ ఉండకూడదు. మిరప, వంగ, కలుపు ఏదీ ఉండకూడదు. తినడానికి ఏదీ లేక దోమ చస్తుంది, దోమతో తెగులు చస్తుంది. నలభై సాళ్ళూ పీకేశారు. విత్తనాల గదిలో అరవై కూడా. చెంగమ్మ వాటిని తనే పీకింది.

రెడ్డెప్ప వాసన పెట్టె పట్టుకుని మూలమూలా తిరిగాడు. ముల్లు ఎక్కడా లేవలేదు. నా దగ్గరికి వచ్చేసరికి పెట్టె వెనక దాచుకున్నాడు.

"మామా" అన్నాడు.

"నాకు తెలుసులే" అన్నాను. పీకాల్సింది ఇంకొకటి మిగిలింది. పంతొమ్మిదేళ్ళు ఆ పని చేసినవాణ్ణి, నాకు వేరేవాళ్ళు చెప్పాలా.

"నలభై రోజులకు ముల్లు కిందికి దిగితే తలుపు తీస్తా. వారానికోసారి బియ్యం పెడతా. మాట."

చెంగమ్మ అక్కడే ఉంది. కాయలు మానేసి నెల దాటింది. ఊరికే ఉంటే ఎవరికీ తెలిసేది కాదు. నేను ఆమె వంక చూసి తల అడ్డంగా ఊపాను. ఆమె వచ్చి రెడ్డెప్ప చేతిలో పెట్టె తీసుకుని తన చెయ్యి పెట్టింది.

ముల్లు లేచింది. కొంచెమే. లేచింది.

"ఎప్పట్నించి?" అన్నాడు రెడ్డెప్ప.

"అదంతా ఈయన పుస్తకంలో రాసుండాదిలే" అంది. నేను రాస్తానని ఆమెకు ఎట్లా తెలుసో. "ఇంత వాసన చాలదా నాయనా, నలభై రోజులు దోమల్ని బతికించేదానికి? ఆ పొట్లాలు రేపు పాడు కావాల్నా?"

రెడ్డెప్ప పుస్తకం చేతిలోకి తీసుకుని మొదటి పేజీ చదివాడు. అక్కడే ఆపి నాకు ఇచ్చేశాడు. "నీ దగ్గరే పెట్టుకో మామా. బయట కళ్ళు లేవు" అన్నాడు.

ఇద్దరి మీదా సంచులు దించారు. మోకాళ్ళ దాకా. మూతి వదులుగా బిగించారు, నడవాలి కదా. సంచిలో అవి నా ముఖం మీద కూర్చున్నాయి. పెదవుల మీద, రెప్పల మీద. పక్కన ఆమె అడుగుల చప్పుడు వింటూ నడిచాను. మొదటి తలుపు. రెండో తలుపు.

విరామం 1వ రోజు

ఇది బయట.

సంచులు తీసేశాం. మేమిద్దరమే ఉన్నాం. కళ్ళు ఎండకు సర్దుకున్నాక చూశాను. నేల చివరిదాకా పసుపు. వయ్యారిభామ, తుత్తురబెండ, ఉమ్మెత్త, పేరు తెలియనివి. ప్రతి ఆకూ ముడుచుకుని, ఈనెలు పసుపెక్కి ఉంది. ఒక్కటీ చావలేదు. మోకాలెత్తున నిలబడి గాలికి ఊగుతున్నాయి. పీకేవాడు లేడు.

సంచిలోని దోమలు లేచి ఆ ఆకుల్లోకి పోయాయి. ఒక్కటి కూడా తిరిగి రాలేదు. నా వీపు వెచ్చబడింది. ఇన్నాళ్ళకు.

"మన వంక చూసే దిక్కే లేదే" అంది చెంగమ్మ. చేతులు ఇటూ అటూ తిప్పి చూసుకుంది. ఇక్కడ అందరిదీ అదే వాసన. మేం కొత్తవాళ్ళం కూడా కాదు.

తర్వాత వెనక్కి తిరిగి వల చూశాం.

లోపల నుంచి అది ఆకాశం రంగులో ఉండేది. బయట నుంచి తెల్లగా ఉంది. కొండంత తెలుపు, అన్నీ దోమలే, మెల్లగా ఊపిరి తీస్తోంది. తెగులు వాసనకు పోయేది తెగులంటని దోమేనని, కడుపులో తెగులు పెట్టుకున్న దోమ మంచి మొక్కనే వెతుక్కుంటుందని రెడ్డెప్ప ఎప్పుడో చెప్పాడు. ఇక్కడ మంచి మొక్క లేదు. అవన్నీ లోపలికి చూస్తున్నాయి.

చెంగమ్మ దగ్గరికి పోయింది. నేను పోవద్దన్నాను. వినలేదు. వల పొడుగునా నడుస్తూ ఒక చోట ఆగింది. అక్కడ తెలుపు మందంగా ఉంది, చీమలు బెల్లం మీద మూగినట్టు. చేత్తో తుడిచింది. కింద గోరంత చిరుగు ఉంది. ఒక్కొక్కటే దూరుతున్నాయి.

"లోపల నుంచి ఇది నాకు ఎప్పుడూ కనపడలే" అంది. "ఇరవయ్యేళ్ళు గుడ్డిదాని మాదిరి కుడితి."

మళ్ళీ నడిచింది. ఇంకో మందపు చోటు. ఇంకో చిరుగు. చూపు ఆనినంత దూరం అక్కడక్కడా అట్లాంటి చోట్లు కనపడుతున్నాయి. లెక్కపెట్టబోయి మానేశాను.

చెంగు ముడి విప్పి సూది తీసింది. దారం నాకిచ్చి ఎక్కించమంది. వేళ్ళు ముడుచుకుపోయి ఉన్నాయి. ఆమె నా చేతిని తన నీడలోకి లాక్కుని అవి విచ్చుకునేదాకా పట్టుకుంది. దారం ఎక్కించాను.

ఆమె కుడుతోంది. నేను పక్కన నిలబడి చిరుగు మీద మూగినవాటిని కొమ్మతో తోలుతున్నాను. పొద్దుగూకేలోపు ఏడు చిరుగులు అయినాయి.